మొహం నిండిందని సంబరపడ్డ రోజులు

పాసయ్యాను! క్లాసు సంగతి ఇప్పుడే అడగకండి, మెమో వచ్చాక చెబుతాను. పొద్దున పేపర్లో నా హాల్‌టికెట్ నంబరు ఉంది. మూడుసార్లు చూశాను, నాన్నతో వేలు పెట్టించి చూపించాను. నాన్నకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఇది. ఇంకోటి కూడా ఉంది. పోయిన నెల కొలనోస్కోపీ చేసి డాక్టర్‌గారు పేగు శుభ్రంగా ఉందన్నారు. ఇంకోటి, సోమవారం నుంచి మాదాపూర్‌లో ఉద్యోగం. ఏది ముందు చెప్పాలో తెలియక మూడూ ఒకేసారి చెప్పేశాను.

ఈ పేజీలో మీరు రాసే అనుభవాలు హాస్పిటల్ మంచం మీద చదివి ధైర్యం తెచ్చుకున్నదాన్ని. అందుకే నాది రాస్తున్నాను. నా పేరు రేణుక. మాది ఖాజాగూడ. నాన్న నర్సింహ రాయి కొడతాడు. అమ్మ బాలమణి కొత్తగా లేస్తున్న బిల్డింగుల దగ్గర తట్టలు మోస్తుంది. నాకు వచ్చిన జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. ఆ పేరు తెలియడానికే నాలుగు నెలలు పట్టింది.

రెండేళ్ల కిందట, ఫైనలియర్ మొదలైన కొత్త. వానలు పడుతున్నాయి. మెహదీపట్నం పోయే పొద్దుటి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దర్గా దాటకముందే కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు పిండింది. అంతకుముందు వచ్చే నొప్పుల్లా లేదు, ఆగేలా లేదు. కండక్టర్‌ను బతిమాలి దిగి, రాళ్ల వెనక్కి పరుగెత్తాను. అప్పట్లో ఆ దారంతా రాళ్లే, సీతాఫలం చెట్లే. అదొక అదృష్టం. అక్కడ మొదటిసారి నెత్తురు చూశాను. నెలసరేమో అనుకున్నాను. తేదీ లెక్కేసుకుంటే అది కాదు. ఆ రోజు కాలేజీకి పోలేదు. తడుస్తూ ఇంటికి నడిచి వచ్చి, బస్సు దొరకలేదని అబద్ధం చెప్పాను.

మా ఇళ్లల్లో ఎవరికీ బాత్రూమ్ లేదు. ఇళ్ల వెనక గుట్ట ఉండేది. ఆడవాళ్లంతా తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి చెంబులు పట్టుకుని కలిసి పోయేవాళ్లు. చెబితే నవ్వుతారేమో గానీ, ఆ గుట్ట నాకు ఇష్టం. ఊళ్లో కబుర్లన్నీ అక్కడే తెలిసేవి. ఎవరి కోడలు అలిగింది, ఎవరి భూమికి ఎవరొచ్చి అడిగారు, అన్నీ. రాళ్ల మీద కూర్చుంటే కింద చెరువు, దూరంగా మాదాపూర్ వైపు కొత్తగా లేచే గుండ్రటి బిల్డింగు కనబడేవి. అమ్మ దాన్ని చూపించి, ఇవాళ నాలుగో అంతస్తుకు మోసినం అని గొప్పగా చెప్పేది.

కానీ ఆ గుట్ట రోజుకు రెండుసార్లు పోయేవాళ్ల కోసం. నేను ఎనిమిదిసార్లు, పదిసార్లు పోవాల్సి వచ్చేది. పగలు అక్కడ రాయి కొట్టే మగవాళ్లు ఉంటారు. ఎండలో చెంబు పట్టుకుని పోతుంటే పక్కింటి మల్లమ్మ పెద్దమ్మ అరుగు మీంచి అడిగేది.

“ఏమే కాలేజీ, గిన్నిసార్లు పోతున్నవు, గుట్ట నీ పేర రిజిస్ట్రీ చేయించుకున్నవా ఏంది?”

నేనూ నవ్వేదాన్ని. నవ్వడం తప్ప ఏం చేస్తాను? కాలేజీ ఉన్న రోజు పొద్దున ఏమీ తినేదాన్ని కాదు, నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. రెండు నెలల్లో దవడలు లోపలికి పోయాయి. కాలేజీ బ్యాగు బరువనిపించేది.

ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్ అమీబా అన్నాడు. ఆయన ఇచ్చిన బిళ్లలకు నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. పది రోజులు వాడితే కొంచెం తగ్గి, మళ్లీ మొదలైంది. బోరబండలో ఉండే మా మేనత్త వచ్చి, ఇవి మొలలే, నాకు తెల్వదా అని ఒక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నాడి పట్టుకుని ఎర్ర పొడి ఇచ్చాడు. అది మింగితే పేగు కాలినట్టయింది. అత్త మాత్రం, కాలుతుందంటే పని చేస్తుందన్నట్టే అంది. నాన్న ఒకరోజు పనికి పోకుండా, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ ఓపీ లైనులో మూడుసార్లు నిలబడ్డాక ఒక పెద్ద డాక్టర్‌గారి దగ్గరికి పంపారు. కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడతారు. ఎవరూ అడగని ప్రశ్న ఆయన అడిగారు. నిద్రలోంచి లేచి పోవాల్సి వస్తోందా అని. వస్తోందన్నాను. పెన్ను పక్కన పెట్టి నా కళ్లు కిందికి లాగి చూశారు.

“ఇది మొలలు కాదమ్మా. లోపల చూడాలి. కొలనోస్కోపీ చేద్దాం.”

కొలనోస్కోపీ అంటే ముందురోజంతా మందునీళ్లు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. చీటీ మీద అది చదవగానే టెస్ట్ గురించి కాదు, గుట్ట గురించి భయమేసింది. నా క్లాస్‌మేట్ వసంత కడప పిల్ల. మెహదీపట్నంలో చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేది. ఆ గదికి బాత్రూమ్ ఉంది. సిగ్గు చంపుకుని అడిగితే తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“దీనికి అడగాల్నా మే? పో, ఎన్నిసార్లయినా పో. బకెట్ నిండా నీళ్లు పెట్టినా.”

ఆ రోజంతా అది బయట మెట్ల మీద కూర్చుని నాకు నోట్స్ చదివి వినిపించింది. తలుపు లోపలి నుంచి నేను ఊ కొట్టేదాన్ని. డేటా స్ట్రక్చర్స్‌లో నాకు బాగా వచ్చిన చాప్టర్లన్నీ ఆ రోజువే.

మర్నాడు నా పేగు నేనే టీవీలో చూశాను. పడి మోకాలు చీరుకుపోతే ఎలా ఉంటుందో అలా ఉంది, పొడుగునా. డాక్టర్‌గారు పక్కన నిలబడ్డ స్టూడెంట్లకు ఇంగ్లీషులో చెబుతూ, మధ్యలో నా వైపు తిరిగి అయిపోయింది తల్లీ అయిపోయింది అంటూ బయాప్సీ ముక్కలు తీశారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్. ఒంట్లో కాపలా ఉండాల్సిన శక్తి పొరపాటున పేగు మీదే పడుతుందట. ఎవరి తప్పూ కాదట. నాన్న రెండే అడిగాడు. అంటుకుంటదా సారు అని ఒకటి. కాదన్నారు. నయమైతదా అని రెండోది.

“అదుపులో పెడతాం. పూర్తిగా పోతుందని మీకు అబద్ధం చెప్పను.”

మందులు సల్ఫాసలజీన్, ఫోలిక్ యాసిడ్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ చిన్న తెల్ల గోలీ. పొద్దున తిన్నాక ఎనిమిది వేసుకోవాలి. వారానికొకటి తగ్గించుకుంటూ పోవాలి. దాన్ని టేపర్ అంటారు. సల్ఫాసలజీన్‌తో మూత్రం నారింజ రంగులో వచ్చి హడలిపోయాను గానీ, వారం తిరగకుండా నెత్తురు ఆగింది. టమాటా పప్పు వేసుకుని మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూసింది. ఆ పూట ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కిరోసిన్ స్టవ్ వాసన, గిన్నె అడుగున గరిట గీరిన చప్పుడు.

స్టెరాయిడ్‌కు ఆకలి ఎక్కువవుతుంది, మొహం కూడా గుండ్రంగా అవుతుంది. డాక్టర్‌గారు ముందే చెప్పారు, మూన్ ఫేస్ అంటారు, మందు వల్ల వచ్చే వాపు, గోలీలు ఆపాక పోతుంది, కంగారుపడకు అని. నేను తలూపాను. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పలేదు.

ఎందుకంటే అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. నా బుగ్గలు నిండుతుంటే గుట్ట దగ్గర ఆడవాళ్లంతా అమ్మను మెచ్చుకున్నారు. మొన్నటిదాకా నీ బిడ్డ ఎండిపోతున్నదని జాలిపడ్డవాళ్లే. అత్త బోరబండ నుంచి వచ్చి నా గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పింది.

“పూరీ లెక్క పొంగింది గదనే. ఇగ ఫికర్ లేదు వదినా.”

అమ్మ నన్ను పట్టుచీర కట్టించి స్టూడియోకు తీసుకుపోయి ఫోటో దించింది. వెనక పూలతోట తెర, ముందు నా గుండ్రటి మొహం. కళ్లు బుగ్గల్లో సగం మునిగిపోయాయి. ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

చలికాలం మధ్యకు గోలీలు సున్నా అయ్యాయి. మొహం మెల్లగా మామూలుకు రావడం మొదలైంది. మల్లమ్మ పెద్దమ్మ చూసి, మళ్ల గుంజుకపోతున్నదేందే బాలమణీ అంది. ఆ మాట అమ్మకు ఎంత లోతుకు దిగిందో నేను గమనించలేదు. పరీక్షల చదువులో ఉన్నాను. నేను గమనించింది ఒక్కటే, పొద్దుటి రాగిజావలో బెల్లం ఎక్కువైంది. అడిగితే, సదువుకునే పిల్లవు తీపి తాగాలె అంది. తీపి వెనక నాలుకకు ఏదో చేదు తగిలేది. రాగులు పాతవేమో అనుకున్నాను.

వాపు మాత్రం పోవడం ఆగి, మళ్లీ పెరిగింది. జనవరిలో చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్‌గారు నా మొహం చూసి, ఆపావు కదా అన్నారు. ఆపాను సార్ అన్నాను. ఫిబ్రవరిలో బీపీ ఎక్కువుంది, మూత్రంలో షుగర్ వచ్చింది, పొట్ట మీద ఎర్ర చారలు పడ్డాయి. ఆయన రిపోర్టులు మూసి పక్కన పెట్టారు.

“అబద్ధం చెబితే నాకు పోయేదేం లేదమ్మా. నీ ఎముకలే గుల్లవుతాయి.”

ఒట్టు వేశాను. ఆయన నమ్మలేదు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడిస్తే, మెట్ల మీద టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్న అమ్మ ఏమైందని అడిగింది. చెప్పాను, గోలీలు వేసుకుంటున్నానని అంటున్నాడు, వేసుకోలేదంటే నమ్మడు అని. అమ్మ మొహం ఒక్క క్షణం ఎటో పోయింది. తర్వాత డాక్టర్‌ను తిట్టింది, బిడ్డ గింత మంచిగుంటే కండ్లు కనబడ్తలేవా అని. నా పక్షాన తిడుతోందని నాకు హాయిగా అనిపించింది కూడా.

మార్చి మొదట్లో, పరీక్షలకు వారం ముందు, ప్రిపరేషన్ సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. ఉప్పు కోసం వెనక్కి పోతే, నూరే రాయి మీద తెల్లటి పొడి కనబడింది. మా ఇంట్లో తెల్లటి పొడి ఎక్కడైనా ఉంటుంది. నాన్న బట్టల మీద, గుమ్మం మీద, అన్నీ రాతిపొడే. చేత్తో తుడిచి, ఎందుకో వేలు నాలుక మీద పెట్టుకున్నాను. ఆ చేదు నాకు తెలుసు. ఎనిమిది వారాలు మింగిన చేదు. గూట్లో అమ్మ ఆకు వక్క పెట్టుకునే చిన్న గుడ్డసంచి విప్పితే మూడు స్ట్రిప్పులున్నాయి. ఒకటి ఖాళీది, నలిగి మెత్తబడింది. అదే చూపించి ఊరి మెడికల్ షాపులో మిగతావి తెచ్చుకుంటోంది. అప్పుడే అమ్మ లోపలికి వచ్చింది.

“ఇవేందే అమ్మా?”

“గోలీలు.”

“ఎన్ని దినాల సంది ఏస్తున్నవు?”

“నీ మొఖం గుంజుకపోవట్టినప్పటి సంది. పొద్దుకు మూడు.”

“ఎవరియ్యమన్నరు?”

“ఎవరంటరు? నేనే. అవి ఏసినప్పుడే గద నువ్వు మనిషివైనవు. ఆపినంక మళ్ల దవడలు తేలినయి. నీకు చెప్తే సదువుకున్నదానివి, వద్దంటవు.”

నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ఒక్కటి రాస్తాను. నీకు చదువు లేదు, నన్ను చంపి గాని ఊకోవు అన్నాను. స్ట్రిప్పులు తీసుకుపోయి రాళ్లు తీసిన గుంతలో, నీళ్లలో విసిరేశాను. అప్పటి నుంచి అమ్మ కలిపిన జావ ముట్టలేదు. డాక్టర్‌గారికీ చెప్పలేదు. అమ్మను ఆయన అందరి ముందూ తిడతారేమో అని కొంత, సైన్సు చదివినదాన్ని, మందు ఆపేశాను కదా, ఇక అంతా సర్దుకుంటుందని కొంత.

రెండు పేపర్లు రాశాను. మూడోది మ్యాథ్స్. ఆ పొద్దున లేవబోతే కాళ్లు నావి కావు. వాంతులు. కళ్లు తెరిస్తే ఇల్లు తిరుగుతోంది. కడుపు మళ్లీ పిండడం మొదలైంది, నెత్తురు. నాన్న నన్ను వీపు మీద వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. రాళ్ల లోడు దింపి వస్తున్న ట్రాక్టర్ ఆపి, ఖాళీ ట్రాలీలో పడుకోబెట్టాడు. అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా కొంగుతో నా మొహం తుడుస్తూనే ఉంది. నా చేతిలో హాల్‌టికెట్ ఉంది. దాన్ని ఎవరూ తీసుకోలేకపోయారట.

సెలైన్లు, ఇంజెక్షన్లు. బీపీ అందడం లేదని ఎవరో అరిచారు. మధ్యాహ్నానికి కొంచెం తెలివి వచ్చేసరికి డాక్టర్‌గారు మంచం పక్కన ఉన్నారు. అమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. జావ, బెల్లం, స్ట్రిప్పు, నూరే రాయి, అన్నీ. చివరికి నేనే చంపుకుంటున్న సారు అంది.

ఆయన స్టూలు లాక్కుని అమ్మ ముందు కూర్చున్నారు.

“మీరు పెట్టడం తప్పే. కానీ ఇవాళ ప్రాణం మీదకు తెచ్చింది అది కాదు. ఒక్కసారిగా ఆపడం.”

తర్వాత నా వైపు తిరిగారు.

“నువ్వు చదువుకున్నదానివి. ఆపే ముందు నన్నొక మాట అడగొద్దా? నేను కూడా ఆ రోజు నిన్ను అనుమానించాను. అది నా తప్పు.”

మూడు వారాలు వార్డులో ఉన్నాను. పరీక్షలన్నీ నన్ను దాటి పోయాయి. పేపర్ ఉన్న రోజు వసంత సాయంత్రం వచ్చి ప్రశ్నలు చెప్పబోతే వద్దన్నాను. డిగ్రీ ఇక పూర్తి చేయలేనేమో అని అప్పుడు గట్టిగా అనుకున్నాను. మూడు గంటలు ఒకచోట కూర్చోలేనిదాన్ని పరీక్ష ఎలా రాస్తాను? వార్డు సిస్టర్ ఒకామె, మా పక్క మంచాల వాళ్లందరికీ ఉత్తరాలు నాతోనే రాయించేది. చదువుకున్నవాళ్లు మంచం మీద ఊరికే ఉండొద్దు అనేది. ఎవరెవరి ఇళ్ల సంగతులో రాస్తూ రాస్తూ నా దుఃఖం పక్కన పెట్టేదాన్ని. నమ్మండి, ఇప్పుడా వార్డు మీద బెంగగా ఉంటుంది.

డిశ్చార్జి రోజు డాక్టర్‌గారు గోలీలు నా చేతికి ఇవ్వలేదు. అమ్మ చేతికిచ్చారు. మన ఒంట్లోనే ఒక గ్రంథి ఈ స్టెరాయిడ్‌లాంటిదాన్ని తయారు చేస్తుందని, బయటి నుంచి రోజూ వస్తుంటే అది పని మానేసి నిద్రపోతుందని, మెల్లగా లేపాలని చెప్పారు. మొహం నిండడం ఆరోగ్యం కాదు, వాపు అని కూడా చెప్పారు. ఆ మాట నేను ఆరు నెలల ముందే చెప్పాల్సింది. అమ్మ దాన్ని తన మాటల్లో తిప్పి అడిగింది.

“అంటే సారు, ఇంట్ల పని చేసెటామెకు కూలికి కైకిలి మనిషి దొరికితే ఆమె పండుకుంటది. కైకిలి మనిషిని ఒక్కపారే ఎల్లగొడితే ఇల్లు ఆగమైతది. రోజు జర జర తక్కువ పిలిస్తే ఇంటామె లేస్తది. గంతేనా?”

“అంతేనమ్మా. మా స్టూడెంట్లకు నేనింత బాగా చెప్పలేదు ఎప్పుడూ.”

ఈసారి రెండు వారాలకొక గోలీ తగ్గించాలి. అమ్మకు రాయడం రాదు. కానీ తట్టలు మోసేచోట మేస్త్రీ లెక్క తప్పుతాడని ఆడవాళ్లు పది తట్టలకొక చింతగింజ కొంగున వేసుకుంటారు. అమ్మ ఎనిమిది చింతగింజలు కొంగున ముడేసుకుంది. పొద్దున నేను తిన్నాక ముడి విప్పేది, గింజలు పరిచేది, ఒక్కో గింజ పక్కన ఒక్కో గోలీ పెట్టేది. నేను మింగాక మళ్లీ ముడి. కల్లు కాంపౌండు మూసి ఉండే రోజు ఏదో, వారపు అంగడి ఏ రోజో చూసుకుని వారాలు లెక్కపెట్టి, ఒక గింజ పొయ్యిలో వేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగు నెలలు. మొహం మళ్లీ సన్నబడుతుంటే మల్లమ్మ పెద్దమ్మ ఊరుకోదు కదా, మళ్ల మొదలైందా అంది.

“మొఖం గాదు అక్కా, కడుపు సూడాలె” అంది అమ్మ.

నేను హాస్పిటల్ నుంచి వచ్చేసరికి గుట్టకు ముళ్లకంచె పడింది. ఎవరో కొన్నారట. ఆడవాళ్లు చెరువు అవతలికి పోతున్నారు. నాన్న రెండు ఆదివారాలు ఇంటి వెనక కూర్చుని, తనే కొట్టిన రాళ్లతో మూడు గోడలు లేపి, గుంత తీసి, రేకు తలుపు పెట్టాడు. ఎవరి బాత్రూముకో రాళ్లు చెక్కి ఇచ్చే మనిషి. కొత్త చెంబు ఒకటి తెచ్చి గోడ మీద పెట్టాడు. మల్లమ్మ పెద్దమ్మ ఇప్పుడు అందులోకే వస్తుంది. గుట్టను ఇప్పుడు సగం పేల్చేశారు. ఆ రాళ్ల మీద కూర్చుని విన్న కబుర్లు తలుచుకుంటే రెండేళ్లే అయిందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ మార్చిలో మిగిలిన పేపర్లు రాశాను. మధ్యలో లేచి పోవడానికి ఒప్పుకోమని డాక్టర్‌గారు లెటర్ రాసిచ్చారు. తలుపు పక్క సీటు ఇచ్చారు. ఒక్కసారి కూడా లేవలేదు. చివరి రోజు మాత్రం గంట కొట్టాక, అవసరం లేకపోయినా, ఆ లెటర్ దండగ కాకూడదని లేచి పోయి వచ్చాను.

ఉద్యోగం మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పింది వింటూ టైపు చెయ్యాలి. ఇంటర్వ్యూలో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఒకాయన ముక్కుతో గబగబా మాట్లాడుతున్నాడు. సగం అర్థం కాలేదు. మధ్యలో ప్రెడ్నిసోన్, టేపర్ అన్నాడు. అది మాత్రం వెనక్కి తిప్పకుండా టైపు చేశాను. ఇంటర్వ్యూ చేసినాయన ఈ మాట ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మింగి నేర్చుకున్నాను సార్ అన్నాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ మొదట అడిగింది జీతం కాదు, ఆడ బాత్రూమ్ ఉన్నదా అని. ఉంది. నా కుర్చీ నుంచి పన్నెండు అడుగులు. లెక్కపెట్టి వచ్చాను.

ఇప్పుడు నేను వాడేవి సల్ఫాసలజీన్, ఫోలిక్ యాసిడ్ అంతే. స్టెరాయిడ్ ఆపి పది నెలలు. పాలు పడవు, పెరుగు పడుతుంది. బ్యాగులో ఒక జత బట్టలు, నీళ్ల సీసా ఎప్పుడూ ఉంటాయి. డాక్టర్‌గారు జబ్బు అణిగి ఉన్న ఈ స్థితిని రెమిషన్ అంటారు. మళ్లీ రావచ్చని నాకు తెలుసు. వస్తే ఏం చెయ్యాలో కూడా తెలుసు.

మీకు చెప్పేది ఒక్కటే. స్టెరాయిడ్ మీ అంతట మీరు మొదలుపెట్టకండి, కోపంలో ఆపకండి. డాక్టర్ మీకు చెప్పిన ప్రతి మాటా ఇంటికి పోగానే మీకు వండిపెట్టే మనిషికి కూర్చోబెట్టి చెప్పండి. ఏ గోలీ ఎందుకు, ఎన్నాళ్లు, దానితో ఒంట్లో ఏం మారుతుంది, అన్నీ. చదువు రాదు కదా, అర్థం కాదు కదా అనుకోకండి.

ఇది రాస్తుండగానే అమ్మ రెండుసార్లు పిలిచింది. ఎస్టీడీ బూత్ మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారట, జల్ది రమ్మని. పొద్దున్నే ఎవరెవరికి చెప్పాలో అడిగి, మనిషికొక చింతగింజ కొంగున వేసుకుని తయారుగా ఉంది. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు వీళ్లు.

కడపలో వసంతకు. బకెట్ నీళ్ల గురించి మళ్లీ ఒకసారి చెప్పాలి.

బోరబండ అత్తకు, వాళ్ల కిరాణా షాపు నంబరుకు. వాళ్లు పిలుచుకొచ్చేదాకా లైన్‌లో ఉండాలి.

తలుపు పక్క సీటు ఇప్పించిన మ్యాథ్స్ మేడమ్‌కు.

వార్డు సిస్టర్‌కు, డ్యూటీ మారేలోపు.

మాదాపూర్ ఆఫీసుకు, సోమవారం తప్పకుండా వస్తున్నానని.

గింజలు లెక్కపెడితే ఆరున్నాయి. ఆరోది డాక్టర్‌గారిదట. ఆ ఫోన్ నన్ను చెయ్యనివ్వదట, తనే మాట్లాడుతుందట. సారుతో ఏం చెప్తవే అని అడిగాను.

“బిడ్డ పాసైందని చెప్త. మొఖం సన్నగనే ఉన్నదని చెప్త.”